మేక కళ్ళలోంచి కెరటాన్ సల్ఫేట్ తీశా, ప్రతి ప్రొటీనూ అతుక్కుంటోంది. తప్పెక్కడ?

కార్నియా కష్టాలు (సోమవారం, రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు. కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలో, ఉండే కెరటాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసుని శుభ్రంగా వేరు చేసి, దానికి ఏ గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలకి సంకేతాలిచ్చే ప్రొటీన్లు) అతుక్కుంటాయో చూడటం నా పని. ఎద్దు కార్నియా మీద ఇలాంటి పని అచ్చయింది, ఎఫ్‌జీఎఫ్‌లూ సోనిక్ హెడ్జ్‌హాగూ అనే అలాంటి ప్రొటీన్లు దీనికి అతుక్కుంటాయని చూపించారు. నేను మేక కళ్ళతో మొదలుపెట్టాను, మాకు దొరికేవి అవే కాబట్టి.

చేసింది చెప్తాను. 60 కళ్ళు తెచ్చి కార్నియాలు కోసి, ముక్కలు చేసి, అసిటోన్‌లో కొవ్వు తీసి ఆరబెట్టాను. తర్వాత ప్రొటీన్‌ని కోసే పపైన్ ఎంజైమ్‌తో 60 డిగ్రీల దగ్గర ఒక రోజంతా. టీసీఏ ఆమ్లం వేసి మిగిలిన ప్రొటీన్ దించేసి, చిన్న అణువులు పోవడానికి మామూలు ట్యూబింగ్‌లో డయాలిసిస్, తర్వాత నెగటివ్ చార్జ్‌ని పట్టే క్యూ సెఫరోజ్ కాలమ్, దాన్ని విడిపించే ఉప్పు గ్రేడియెంట్, చివర సరుకు దించడానికి ఇథనాల్.

ఇప్పుడు రెండు తలనొప్పులు. ఒకటి, ఇలాంటి చక్కెరల్ని చూపించే డీఎంఎంబీ రంగు చక్కగా ఊదాకి తిరుగుతోంది, కార్బజోల్ అనే ఇంకో రంగు పరీక్షలో మాత్రం రంగు అంతంతమాత్రం. రెండోది అసలు బాధ. గొలుసుకి బయోటిన్ తగిలించి, బయోటిన్‌ని పట్టుకునే అవిడిన్ ప్లేట్ మీద పెట్టాను. ఎఫ్‌జీఎఫ్2 అతుక్కుంది, ఎగిరి గంతేశాను. అతుక్కోకూడని కంట్రోల్‌గా పెట్టిన లైసోజైమ్ అనే ప్రొటీన్ కూడా అతుక్కుంది. సైటోక్రోమ్ సి కూడా. మా గైడ్ ఒక్కసారి చూసి "అన్నీ అతుక్కుంటే ఏదీ అతుక్కోనట్టేనమ్మా" అని వెళ్ళిపోయారు. శుక్రవారం ల్యాబ్ మీటింగ్, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

బిట్టు బయోటెక్ (సోమవారం, రాత్రి 11:41)

అక్కా, 60 కళ్ళా? హాస్టల్ ఫ్రిజ్‌లో పెట్టలేదు కదా 😅

ఎమ్మెస్సీ వాణ్ణి, తెలీక అడుగుతున్నా, కార్బజోల్ రాలేదంటే అసలు అక్కడ చక్కెరే లేదని కాదా?

పాత కాలమ్ (మంగళవారం, ఉదయం 6:05)

బిట్టూ, కాదు. ఆ ప్రశ్న మా రోజుల్లో వైవాలో అడిగి పిల్లల్ని ఏడిపించేవాళ్ళం.

కార్బజోల్ రంగు చూపించేది యురోనిక్ ఆమ్లాన్ని. హయలురోనిక్ ఆమ్లం, కాండ్రాయిటిన్, డెర్మటాన్, హెపరాన్ అన్నిట్లోనూ అది ఉంటుంది. ఈ చక్కెర గొలుసుల కుటుంబంలో అది లేని ఒకే ఒక్కటి కెరటాన్ సల్ఫేట్. దాని గొలుసు అంటే గెలాక్టోజ్, ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్, మళ్ళీ గెలాక్టోజ్, మళ్ళీ అదే, అక్కడక్కడా ఆరో కార్బన్ మీద సల్ఫేట్. కాబట్టి కార్బజోల్‌లో అది కనబడదు.

అమ్మా, నీకు వచ్చిన ఆ అంతంతమాత్రం రంగు ఉంది చూడు, అది నీ సరుకు కాదు, నీ మురికి. కార్నియాలో కెరటాన్‌తో పాటు కాండ్రాయిటిన్, డెర్మటాన్ కూడా ఉంటాయి, నువ్వు చెప్పిన వరసలో వాటిని తీసే మెట్టే లేదు. కాండ్రాయిటినేజ్ ఏబీసీ ఎక్కడ? పీహెచ్ 8, 37 డిగ్రీలు, రాత్రంతా వదిలెయ్. అది వాటిని రెండేసి చక్కెరల ముక్కలుగా కోసేస్తుంది, 232 నానోమీటర్ల దగ్గర రీడింగ్ పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతుంది, ఆగిందంటే పని అయినట్టు. తర్వాత మళ్ళీ కార్బజోల్ చెయ్, ఈసారి ఎంత తక్కువ రంగొస్తే అంత సంతోషించు.

ఒక ముచ్చట. ఈ రంగంలో కొన్ని ముఖ్యమైనవి కంటితోనే మొదలయ్యాయి. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి లోపలి జెల్లీ, అదే విట్రియస్ నుంచి హయలురోనిక్ ఆమ్లం తీశారు. గాజు అని అర్థమొచ్చే గ్రీకు మాటకి యురోనిక్ తగిలించి ఆ పేరు పెట్టారు. కార్నియాలోని ఈ సల్ఫేటు చక్కెరని సుజుకి 1939లో గుర్తిస్తే, దాని కూర్పు తేల్చింది 1953లో మళ్ళీ మేయర్ బృందమే. ఇవాళ ముఖానికి రాసుకునే సీరమ్ సీసాల మీద హయలురోనిక్ అని చూసినప్పుడల్లా నాకు ఆవు కన్నే గుర్తొస్తుంది, మా ఆవిడకి ఆ సంగతి చెప్పాక ఆ సీసా మా ఇంట్లో కనబళ్ళేదు.

తిరుపతి పశువుల డాక్టర్ (మంగళవారం, ఉదయం 7:30)

నాకు మీ కాలమ్‌ల గొడవ తెలీదు, కానీ కళ్ళ గురించి ఒక మాట. ఈ కళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారు? తలకాయ కాల్చకముందా, కాల్చాకా?

కార్నియా కష్టాలు (మంగళవారం, ఉదయం 8:02)

సర్... మటన్ షాపులో తలకాయల దగ్గర్నుంచే. సగం కాల్చినవే అనుకుంటా. కార్నియా కొంచెం తెల్లగా ఉంది, పాతబడిందేమో అనుకున్నాను.

పాత కాలమ్ సర్, కాండ్రాయిటినేజ్ ఖరీదని వదిలేశాను, నిజం చెప్పాలంటే. కెరటాన్‌కి కార్బజోల్ పనిచెయ్యదని పుస్తకంలో చదివినట్టే ఉంది, బల్ల దగ్గర గుర్తుకు రాలేదు.

తిరుపతి పశువుల డాక్టర్ (మంగళవారం, ఉదయం 8:25)

అదీ సంగతి. కూరకిచ్చే తలకాయని బొచ్చు పోవడానికి బ్లో టార్చ్‌తో కాలుస్తారు. కార్నియా పైనే ఉంటుంది, మొదట ఉడికేది అదే. ఉడికిన గుడ్డు తెల్లసొనలా అయిపోతుంది. చక్కెర గొలుసుకి ఆ వేడి పెద్ద లెక్క కాదేమో, అది మీకే తెలియాలి, కానీ ఉడికిన కార్నియా మీద పైపొరని శుభ్రంగా గీకడం కష్టం. పైపొరంతా కణాలే, కణాలంటే డీఎన్ఏ.

తెల్లవారుజామున కోసే చోటికే వెళ్ళండి, గంటలోపు ఐసులో పెట్టండి. కన్ను నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడి గుంట పడితే వదిలెయ్యండి. స్కాల్పెల్‌ని పడుకోబెట్టి పైపొర గీకేస్తే బూడిదరంగు పొట్టులా వస్తుంది, లోపలి వైపు కూడా అలాగే. కోసేటప్పుడు తెల్లగుడ్డు అంచుకి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగండి, తెల్లగుడ్డు కలిసిందంటే మీరంటున్న ఆ డెర్మటాన్ ఇంకా ఎక్కువొస్తుంది.

ఇంకోటి, దొరికితే గేదె కన్ను మేలు. పెద్ద కార్నియా, తక్కువ కళ్ళతో పని అవుతుంది.

స్వీడన్ చలి (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

డాక్టర్ గారు డీఎన్ఏ అన్నారు చూశారా, నాకు ఆ మాట దగ్గరే బల్బ్ వెలిగింది. నేను తొమ్మిదేళ్ళుగా ఇక్కడ హెపరాన్ సల్ఫేట్ మీద పనిచేస్తున్నాను, ఈ గోతిలో నేనూ పడ్డాను.

పపైన్ ప్రొటీన్‌ని తింటుంది, డీఎన్ఏని ముట్టుకోదు. డీఎన్ఏ కూడా నెగటివ్ చార్జే, కాబట్టి క్యూ కాలమ్ దాన్ని పట్టుకుని ఎక్కువ ఉప్పులో కెరటాన్ పక్కనే వదులుతుంది. ఇథనాల్‌లో కలిసే దిగుతుంది. డీఎంఎంబీ దానితో కూడా రంగు మారుతుంది. అంటే మీరు కొలిచినదాంట్లో ఎంత కెరటానో, ఎంత డీఎన్ఏనో దేవుడికే తెలియాలి. కాలమ్ ఫ్రాక్షన్లని 260 నానోమీటర్ల దగ్గర చదవండి. శుద్ధమైన కెరటాన్ 260లోనూ 280లోనూ చదునుగా ఉండాలి, అక్కడ గుట్ట లేచిందంటే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు మీ ప్లేట్. అవిడిన్ అన్నారు. అదే పని చేసే స్ట్రెప్టావిడిన్ కాదు కదా? అవిడిన్ కోడిగుడ్డు తెల్లసొనలోది, దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం చార్జ్ సున్నా అయ్యే పీహెచ్) 10 దాకా ఉంటుంది, అంటే మామూలు బఫర్‌లో నిండా పాజిటివ్. బయోటిన్ ఉన్నా లేకపోయినా నెగటివ్‌గా ఉన్న ప్రతిదాన్నీ లాక్కుంటుంది. మీ ప్లేట్ మీద కూర్చున్నది కెరటాన్ ఒక్కటే కాదు, డీఎన్ఏ, కాండ్రాయిటిన్, అందరూ కూర్చున్నారు. లైసోజైమ్ పాయింట్ 11 దగ్గర, సైటోక్రోమ్ సి 10 దగ్గర. అవి పరిగెత్తుకుంటూ రాక ఏం చేస్తాయి? బఫర్‌లో ఉప్పెంత?

కార్నియా కష్టాలు (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్. ఉప్పు వెయ్యలేదు. 🙈 ఉప్పుంటే బైండింగ్ తగ్గుతుందని ఎవరో సీనియర్ చెప్పారు.

స్వీడన్ చలి (మంగళవారం, మధ్యాహ్నం 2:58)

తగ్గాలి. తగ్గేది తగ్గాక మిగిలిందే బైండింగ్.

150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్‌తో మొదలుపెట్టండి, అది ఒంట్లో ఉండే ఉప్పు. తర్వాత 300, 500 అని పెంచుతూ ఎవరు ఎక్కడ ఊడిపోతున్నారో చూడండి. ఉప్పు లేని నీళ్ళలో ఈ చక్కెరలు అయస్కాంతాలు, ఇనుప రజను ఏది వేసినా లాగుతాయి.

బయోటిన్ ఎలా తగిలించారు? కాండ్రాయిటిన్ వాళ్ళు కార్బాక్సిల్ గుంపు మీద ఈడీసీ అనే రసాయనంతో తగిలిస్తారు, కెరటాన్‌లో యురోనిక్ లేదు కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

కార్నియా కష్టాలు (మంగళవారం, సాయంత్రం 4:10)

ఎన్‌హెచ్‌ఎస్-బయోటిన్. కార్నియా కెరటాన్ ఆస్పరజీన్ మీద కట్టుకుని ఉంటుంది కదా, పపైన్ కోసాక గొలుసు చివర ఒకటి రెండు అమైనో ఆమ్లాల తోక మిగులుతుంది, ఆ తోక అమైన్‌కి బయోటిన్ పడుతుందని లెక్క వేశాను.

స్వీడన్ చలి (మంగళవారం, సాయంత్రం 4:31)

ఇది తెలివైన పని, గైడ్‌కి గట్టిగా చెప్పండి. గొలుసు ఒక చివరే పట్టుకుని మిగతాదంతా నీళ్ళలో ఊగుతుంది, ప్రొటీన్‌కి అందుతుంది. ఒక్క జాగ్రత్త, కాలమ్‌లోని ట్రిస్ మిగిలి ఉంటే ఆ బయోటిన్‌నంతా ట్రిస్సే తినేస్తుంది, దానికీ అమైన్ ఉంది. ముందు ఫాస్ఫేట్‌లోకి మార్చండి.

ఆ డయాలిసిస్ ట్యూబింగ్ ఎంత కట్-ఆఫ్, అంటే ఎంత బరువున్న అణువుల దాకా బయటికి వదులుతుంది?

కార్నియా కష్టాలు (మంగళవారం, సాయంత్రం 4:35)

12 నుంచి 14 వేల డాల్టన్లు. డ్రాయర్‌లో ఉన్నది అదే.

పాత కాలమ్ (మంగళవారం, సాయంత్రం 5:50)

అయ్యో. కార్నియా కెరటాన్ గొలుసులు చాలావరకు ఆ అంకెకి అటూ ఇటూనే ఉంటాయి. ఇవి ఉండలా కాకుండా పొడుగ్గా చాచుకుని ఉంటాయి కాబట్టి కొన్ని ఆగుతాయి, కానీ చిన్నవన్నీ బయటి నీళ్ళలో కలిసి సింకులోకి పోయి ఉంటాయి. 3,500ది కొను, లేదా ఇంకా చిన్నది.

అసలు ఎండు కార్నియాలో ఈ రకం చక్కెరలన్నీ కలిపి నూటికి నాలుగైదు పాళ్ళే. అందులోంచి నువ్వు సగం సింకుకి నైవేద్యం పెట్టావు.

ఇథనాల్ దగ్గర కూడా చూసుకో. ద్రావణంలో సోడియం అసిటేట్ లేకపోతే ఎంత ఇథనాల్ పోసినా దిగదు, పాలలా కూడా మారదు, పిల్లలు అది చూసి సరుకు లేదనుకుని పారబోస్తారు. కాండ్రాయిటిన్‌ కంటే కెరటాన్‌కి ఇథనాల్ ఎక్కువే కావాలి, తక్కువలో అది పైనే తేలుతుంది. ద్రావణానికి మూడింతలు పోసి రాత్రంతా చల్లగా ఉంచు.

బిట్టు బయోటెక్ (మంగళవారం, రాత్రి 9:12)

సర్, పపైన్ అంటే బొప్పాయిదే కదా? మా అమ్మ మటన్ బిర్యానీకి పచ్చి బొప్పాయి తురిమి పట్టిస్తుంది. అంటే అక్క 60 డిగ్రీల దగ్గర ఒక రోజంతా కార్నియా మ్యారినేట్ చేస్తోంది.

పాత కాలమ్ (మంగళవారం, రాత్రి 9:30)

అదేరా అబ్బాయ్, అదే ఎంజైమ్. సిస్టీన్ కలిపితేనే పూర్తిగా మేల్కొంటుంది, మీ అమ్మగారికి ఆ అవసరం లేదు.

కడప పిన్ని (బుధవారం, ఉదయం 10:15)

మీరందరూ పెద్ద చదువుల వాళ్ళు, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అక్క కొడుక్కి రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు మీద బూడిదరంగు మచ్చలు, మంచులోంచి చూసినట్టు ఉంటుందంటాడు. మాక్యులర్ కార్నియల్ డిస్ట్రఫీ అన్నారు. ఒక కంటికి కార్నియా మార్చారు, బాగానే ఉంది. వెతుకుతుంటే ఈ కెరటాన్ సల్ఫేట్ పేరే వచ్చి ఇక్కడ తేలాను. మా అక్కది మేనరికం. మీ పనితో వాడి రెండో కన్ను మందుతో బాగవుతుందా?

స్వీడన్ చలి (బుధవారం, మధ్యాహ్నం 12:20)

పిన్నిగారూ, మీరు రావడమే మంచిదైంది, మేం బఫర్ల గొడవలో పడి ఇదంతా ఎవరి కంటి కోసమో మర్చిపోతుంటాం.

మీ అబ్బాయి జబ్బులో తేడా సరిగ్గా ఈ చక్కెరలోనే ఉంది. సీహెచ్‌ఎస్‌టీ6 అనే జన్యువు ఉంది, ఆ గొలుసు మీద సల్ఫేట్ అతికించే ఎంజైమ్‌ని తయారు చేసేది అదే. ఆ జన్యువులోని తప్పే ఈ జబ్బుకి కారణమని 2000లో తేలింది. సల్ఫేట్ లేని గొలుసు నీళ్ళలో సరిగ్గా కరగక కార్నియాలో ముద్దలు కడుతుంది, అవే ఆ మచ్చలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ దెబ్బతింటేనే వస్తుంది, అందుకే మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తుంది. అలాగని మీ అక్కా బావల తప్పేమీ లేదు, ఇద్దరికీ కళ్ళు బాగానే ఉంటాయి, తెలిసే దారే లేదు. ఇంట్లో మిగతా పిల్లల పెళ్ళిళ్ళ ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళమనండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మన కుటుంబాల్లోని ఈ జన్యువు మార్పుల మీదే పరిశోధన చేసి అచ్చు వేశారు, అడిగితే సరైన చోటికి పంపిస్తారు.

మందు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఈ అమ్మాయి పని వల్ల రెండో కంటికి మందు రాదు. ఇప్పటికి ప్రధానమైన దారి కార్నియా మార్పిడే. పేరులో మాక్యులర్ అని చూసి రెటీనా చెడిందని భయపడకండి, ఆ మాటకి మచ్చ అని మాత్రమే అర్థం.

కడప పిన్ని (బుధవారం, మధ్యాహ్నం 1:05)

ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు నాయనా. రెటీనా అనే భయపడుతున్నాం. మా అక్కకి చదివి వినిపిస్తా.

కార్నియా కష్టాలు (బుధవారం, రాత్రి 11:50)

పిన్నిగారి మాట చదివాక ఒక ఆలోచన వచ్చింది. ఆ జబ్బు కార్నియాలో ఉండేది సల్ఫేట్ లేని కెరటాన్ కదా. నా గొలుసు మీద సల్ఫేట్ తీసేసి అదే ప్లేట్ పెడితే, ప్రొటీన్ అతుక్కునేది సల్ఫేట్ వల్లో, చక్కెర వల్లో తేలుతుంది. శుక్రవారం పాత డేటా చూపించను, తప్పుల జాబితానే చూపిస్తాను.

కార్నియా కష్టాలు (25 రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05)

మళ్ళీ వచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి ఐస్ డబ్బా పట్టుకుని వెళ్ళడం అలవాటైపోయింది, అక్కడ నన్ను "కళ్ళ మేడమ్ వచ్చింది" అంటున్నారు. గేదె కళ్ళు దొరకలేదు, మేకవే.

పైపొర గీకడం చేతికి వచ్చేసరికి పది కళ్ళు పాడయ్యాయి. మొదట భయంభయంగా గీకాను, ఏమీ రాలేదు. తర్వాత డాక్టర్ గారన్నట్టు బ్లేడ్‌ని పడుకోబెట్టి ఒకే వైపుకి లాగితే సన్నటి బూడిద పొట్టు చుట్టుకుని వచ్చింది, కింద కార్నియా అద్దంలా మెరిసింది. ఆ ఒక్క నిమిషం కోసం నాలుగింటికి లేవచ్చు.

డీఎన్ఏని కోసే డీఎన్ఏస్, కాండ్రాయిటినేజ్, చిన్న కట్-ఆఫ్ ట్యూబింగ్, ట్రిస్ లేకుండా బయోటిన్, స్ట్రెప్టావిడిన్ ప్లేట్, 150 ఉప్పు, అన్నీ చేశాను. 260 దగ్గర గుట్ట పోయింది. కార్బజోల్ దాదాపు సున్నా, ఈసారి చూసి నవ్వుకున్నాను. లైసోజైమ్ పోయింది. సైటోక్రోమ్ సి పోయింది. ఎఫ్‌జీఎఫ్2 మిగిలింది! మొదటిసారి కంటే బాగా తక్కువే, కానీ ఉంది, 300 ఉప్పులో కూడా కొంచెం ఉంది.

పాత కాలమ్ (ఆదివారం, రాత్రి 10:40)

శభాష్.

స్వీడన్ చలి (సోమవారం, ఉదయం 11:30)

అభినందనలు. ఇప్పుడు చెడ్డవాడిని నేనవుతాను, ఏమనుకోవద్దు. ఎఫ్‌జీఎఫ్2కి అసలు ప్రేమ హెపరాన్ సల్ఫేట్ మీద. కార్నియాలో, ముఖ్యంగా పైపొర కణాల మీదా దాని కింది పొరలోనూ కొంచెం హెపరాన్ ఉంటుంది. కాండ్రాయిటినేజ్ దాన్ని ముట్టుకోదు. మీ సరుకులో నూటికి ఒక పాలు హెపరాన్ ఉన్నా చాలు, ఎఫ్‌జీఎఫ్2 దాన్నే వెతికి పట్టుకుంటుంది, మీరు కెరటాన్ అనుకుంటారు. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

సరుకుని నాలుగు భాగాలు చెయ్యండి. ఒకటి అలాగే, ఒకదానికి హెపరాన్‌ని కోసే హెపరినేజ్‌లు మూడూ కలిపి, ఒకదానికి కెరటాన్‌ని కోసే కెరటనేజ్, ఒకదానికి రెండూ. హెపరినేజ్ వేసినా బైండింగ్ నిలబడి, కెరటనేజ్ వేస్తే కూలిపోతే మీది నిజం. తిరగబడితే మీది హెపరాన్ పేపర్.

కార్నియా కష్టాలు (సోమవారం, మధ్యాహ్నం 12:04)

సంతోషం 14 గంటలు నిలిచింది. 😭

సరే. హెపరినేజ్‌లు పక్క ల్యాబ్‌లో ఉన్నాయి, అడుక్కుంటాను.

కార్నియా కష్టాలు (9 రోజుల తర్వాత, బుధవారం, రాత్రి 12:30)

హెపరినేజ్ వేస్తే సిగ్నల్ సుమారు సగానికి పడింది. సగం! కెరటనేజ్ 2 వేస్తే మిగిలేది కూడా సగానికి కాస్త ఎక్కువ. రెండూ వేస్తే ఖాళీ వెల్‌తో సమానం. అంటే స్వీడన్ సర్ చెప్పిందీ నిజమే, నేను ఆశపడిందీ నిజమే. సోనిక్ హెడ్జ్‌హాగ్ ఇంకా పెట్టలేదు.

స్వీడన్ చలి (బుధవారం, ఉదయం 9:10)

ఇది నాకు ఏకపక్షంగా వచ్చిన ఫలితం కంటే నచ్చింది. ఇక హెపరినేజ్‌ని శుద్ధి మెట్లలోనే కలిపేయండి, కాండ్రాయిటినేజ్ తర్వాత. మిగిలిన శుద్ధమైన కెరటాన్‌ని స్ట్రెప్టావిడిన్ చిప్ మీద పెట్టి ఎస్‌పీఆర్ (అతుక్కోవడం, ఊడటం నేరుగా కొలిచే పద్ధతి) చెయ్యండి, ప్లేట్ అంకెలతో అఫినిటీ, అంటే అతుకు బలం, రాయొద్దు. సల్ఫేట్ తీసేసిన గొలుసు కూడా అదే చిప్‌లో పక్క చానల్‌లో. ఎంత సరుకు మిగిలింది?

కార్నియా కష్టాలు (బుధవారం, ఉదయం 9:25)

చిప్‌కి చాలదు. ఇంకో వంద కళ్ళైనా కావాలి. నిన్న అడిగితే అక్కడి అన్న "బోనాలు వస్తున్నయ్ కదా మేడమ్, అప్పుడు మస్తు దొరుకుతయ్, కానీ తలకాయలు ఎవరివి వాళ్ళే తీస్కపోతరు, కళ్ళు అడిగితే తంతరు" అన్నాడు.

తిరుపతి పశువుల డాక్టర్ (బుధవారం, ఉదయం 9:48)

గేదె కళ్ళు చూడమని మొదటి రోజే చెప్పా. చెంగిచెర్ల వైపు మా బ్యాచ్ ఆయన ఒకరున్నారు, పర్సనల్ మెసేజ్ చూసుకోండి. ఐస్ డబ్బా మాత్రం పెద్దది తీసుకెళ్ళండి.